పడని మందు పేరేమిటి?

“ఆ మందు పడలేదు.” ఈ మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. మోకాలి నొప్పికి డాక్టరు రాసిచ్చిన మాత్ర వేసుకున్న కొద్దిరోజులకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తే మందు పడలేదంటాం. నడుము పట్టేసిందని సూది వేయించుకొచ్చిన రాత్రే ముఖం వాచి ఊపిరాడకపోతే మందు పడలేదంటాం. మనిషి బతికి బయటపడితే దేవునికి స్తోత్రం చెల్లిస్తాం. పోతే సమాధి దగ్గర దేవుని చిత్తమని చెప్పుకుని ఇంటికొస్తాం. పడనిది ఏ మందు? ఎంత మోతాదు? ఎవరు తయారుచేసింది? ఇలా ఎవరైనా అడిగితే ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. “తెల్ల మాత్రండి, గుండ్రంగా ఉంటుంది” అన్నంతవరకే జవాబు వస్తుంది.

తెల్లగా, గుండ్రంగా ఉండే మాత్రలకు మన దేశంలో లెక్కే లేదు. పేరు తెలియనప్పుడు ఆ మనిషికి ఏం జరిగిందో ఎంత పెద్ద డాక్టరైనా గట్టిగా చెప్పలేడు. రేపు అదే మందును ఇంకో కంపెనీ పేరుతో ఇంకో డాక్టరు రాస్తే ఆపగలిగేవాళ్లూ ఉండరు.

ఆత్తిపట్టు నుంచి తిరుత్తణి దాకా చూడండి, ఒళ్లు విరిచే పనులే ఎక్కువ. ఆత్తిపట్టులో ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, దాని చుట్టూ కాంట్రాక్టు కూలీలున్నారు. తిరువళ్లూరు చుట్టుపక్కల ఇటుక బట్టీలు. పళ్లిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె.పేట వైపు మగ్గాలు. పొద్దంతా నిలబడి మర మగ్గాలు చూసుకునేవాళ్ల నడుము, ఇటుకలు మోసేవాళ్ల మెడ, నాట్లు వేసే ఆడవాళ్ల మోకాళ్లు పగలు ఎలాగో ఊరుకున్నా రాత్రి ఊరుకోవు. పని మానితే కూలి లేదు. అందుకని నొప్పి మాత్ర. మొదట డాక్టరు అయిదు రోజులకు రాసినదే. ఆ తర్వాత అదే చీటీ చూపించి, ఆ తర్వాత చీటీ లేకుండా, చివరికి “మొన్న ఇచ్చారే, అదే” అని అడిగి నెలల తరబడి మింగుతారు. షాపులో అట్టను కత్తిరించి నాలుగు మాత్రలు పొట్లం కట్టి ఇస్తారు. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది.

దీనికి భాష ఒకటి తోడు. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, డాక్టరుతో మాట్లాడేది తమిళం, మందు అట్టమీద ఉండేది ఇంగ్లీషు. మూడు భాషల మధ్య మాత్ర పేరు ఎక్కడో జారిపోతుంది. అజిత్ నటించిన ‘సిటిజన్’ సినిమాలో అత్తిపట్టి అనే ఊరు ప్రభుత్వ పటంలోంచే మాయమవుతుంది. అది కథ. మన ఊళ్లు ఎక్కడికీ పోలేదు గానీ, అక్కడి మనుషులకు మందులవల్ల జరిగిన కీడు మాత్రం ఏ కాగితంలోనూ కనబడదు.

పేరు లేని మాత్ర అంటే ఏమిటో తమిళనాడులోనే బయటపడింది. 2019లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు ఈ రాష్ట్రంలో దుస్తుల పరిశ్రమలో పనిచేసే దాదాపు 100 మంది స్త్రీలతో మాట్లాడారు. నెలసరి నొప్పి అని చెప్పినప్పుడల్లా పని ఆగకుండా పై ఉద్యోగులు ఏదో ఒక మాత్ర చేతిలో పెట్టారని వారందరూ చెప్పారు. మాత్రమీద పేరు లేదు, అట్ట లేదు, గడువు తేదీ లేదు. ఆ మాత్రలను చూసిన డాక్టర్లు అవి ఐబుప్రోఫెన్ జాతికి చెందిన నొప్పి మందులని గుర్తించారు. తమ ఆరోగ్యం చెడిందని సగానికి పైగా స్త్రీలు అన్నారు. అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రకారం ప్రథమ చికిత్స పెట్టెలో నిర్ణయించిన వస్తువులు తప్ప మరేవీ ఉండకూడదు. చట్టం పెట్టె గురించి అంత జాగ్రత్త పడింది. ఆడపిల్లల కడుపులోకి ఏం పోతున్నదో చూసినవాళ్లు లేరు.

2023 నవంబర్ 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక జారీచేసింది. నెలసరి నొప్పికి, కీళ్ల నొప్పులకు, జ్వరానికి ఇంటింటా వాడే మెఫెనమిక్ ఆసిడ్ వల్ల ‘డ్రెస్’ అనే తీవ్రమైన రియాక్షన్ రావచ్చునని, డాక్టర్లూ రోగులూ గమనించాలని దాని సారాంశం. ఈ రియాక్షన్‌లో జ్వరం వస్తుంది, ఒళ్లంతా ఎర్రబడుతుంది, గ్రంథులు ఉబ్బుతాయి, కాలేయం వంటి లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ఇది సాధారణంగా మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది. ఎనిమిది వారాలు! అప్పటికి పొట్లం కాగితం చెత్తకుప్పలో ఉంటుంది. జ్వరానికి, కామెర్లకు వైద్యం జరుగుతుంటుంది, ఎప్పుడో మింగిన మాత్ర ఎవరికీ గుర్తుకు రాదు. నెలకు మూడు రోజులు పేరు తెలియని మాత్ర మింగిన అమ్మాయి తనకు వచ్చిన జబ్బుకు, ఆ మాత్రకు సంబంధం ఉందని ఎలా అనుకుంటుంది? అనుకున్నా ఎలా నిరూపిస్తుంది?

నొప్పి మందులన్నీ విషమని మేము చెప్పడం లేదు. కోట్లమంది వాడతారు, ఎక్కువమందికి ఏమీ కాదు. కాన్సర్ నొప్పితో రాత్రులు గడిపినవాళ్లకు వాటి విలువ తెలుసు. అయితే తేలిక మందులన్న భ్రమ ఒకటి ఉంది. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ వంటివి డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ ‘హెచ్’ మందులు. ఇవి మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గించగలవు. ఎండలో చెమటోడ్చి, తగినన్ని నీళ్లు తాగకుండా ఇటుకలు మోసేవాడు వీటిని మింగితే ప్రమాదం ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. పరిశోధకులు పరిశీలించిన అనుమానాల్లో నొప్పి మాత్రల వాడకం కూడా ఒకటి. రాబందుల సంగతి చూడండి. అవి ఎందుకు చచ్చిపోతున్నాయో పట్టువదలకుండా వెతికినవాళ్లకు 2004 నాటికి జవాబు దొరికింది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాలు తిన్న పక్షుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు నిషేధించారు. చచ్చిన రాబందును కోసి కారణం కనుక్కోగలిగినప్పుడు, చచ్చిపోయిన బట్టీ కూలీ ఏ మాత్ర మింగాడో కనుక్కోలేమా?

అరుదైనవే గానీ ఇంతకంటే భయంకరమైన రియాక్షన్లు కొన్ని ఉన్నాయి. నొప్పి మందుల్లో పిరాక్సికామ్, మెలాక్సికామ్ వంటి వాటివల్ల కొందరికి స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వస్తుంది. నోట్లో, కళ్లలో, మర్మస్థానాల్లో పుండ్లు, జ్వరం, కాలినట్టు ఊడిపోయే చర్మం దాని గుర్తులు. మందు తీసుకున్న తర్వాత నోట్లో బొబ్బలు లేచినా, కళ్లు ఎర్రబడి మండినా, చర్మం పొరలుగా లేచినా, ముఖం, నాలుక వాచినా, మూత్రం తగ్గిపోయినా, విరేచనం తారులా నల్లగా అయినా తెల్లారేదాకా ఆగకండి. మందు ఆపి, మిగిలిన మాత్రలతో సహా పెద్దాసుపత్రికి వెళ్లండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ఇలాంటి దెబ్బ తగిలిన కుటుంబంలో రెండు ప్రశ్నలు పుడతాయి. నాకు ఇలా ఎందుకు జరిగింది? తప్పు ఎవరిది? మనవాళ్లు చాలామంది రెండో ప్రశ్న దగ్గరే మొదలుపెడతారు. ఆసుపత్రి ముందు గొడవ, ఎవరో పెద్దమనిషి రాజీ, చేతిలో కొంత డబ్బు, దాంతో సరి. మొదటి ప్రశ్నకు జవాబు రాకుండానే ఫైలు మూతపడుతుంది. సరైన మందును సరైన మోతాదులో సరైన రోగికి ఇచ్చినా రియాక్షన్ రావచ్చు. అప్పుడు రెండో ప్రశ్నకు జవాబు “ఎవరిదీ కాదు” అని తేలవచ్చు. అయినా మొదటి ప్రశ్నకు జవాబు తెలుసుకోవలసిందే. ఆ మనిషి ఇక ముందు ఏది మింగకూడదో అందులోనే ఉంది.

తప్పు నిజంగా ఉన్నచోట కూడా నిలబడేది కాగితమే. అమెరికాలో ఉంటున్న అనురాధా సాహా 1998లో సెలవులకు కోల్‌కతా వచ్చారు. ఒంటిమీద దద్దుర్లతో మొదలై, చర్మం ఊడిపోయే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ దాకా వెళ్లి మే 28న చనిపోయారు. ఆమె భర్త డాక్టర్ కునాల్ సాహా పదిహేనేళ్లు పోరాడారు. మితిమీరిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రాశారన్నది ఆ కేసులో ముఖ్యమైన ఆరోపణ, డాక్టరు స్వయంగా రాసిన చీటీ అందులో ముఖ్యమైన సాక్ష్యం. సుప్రీంకోర్టు 2009లో వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని తేల్చింది, 2013 అక్టోబర్ 24న దాదాపు 6 కోట్ల రూపాయల పరిహారం నిర్ణయించింది. ఆయన డాక్టరు, చదువుకున్నవాడు, ఖర్చు భరించగలవాడు. ఆయనకే పదిహేనేళ్లు పట్టింది. చీటీ కూడా లేని కూలివాడి గతి చెప్పనక్కరలేదు.

బ్యాచ్ నంబరు విలువ మన పొరుగు జిల్లాలోనే రుజువైంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోతుంటే, వాళ్లు తాగిన దగ్గు మందు సీసామీది పేరు, బ్యాచ్ నంబరు కాంచీపురం జిల్లా సుంగువార్‌చత్రంలోని ఒక ఫ్యాక్టరీ దాకా దారి చూపించాయి. తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ అక్టోబర్ మొదట్లో ఆ బ్యాచ్‌ను పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కనబడింది. అప్పటికే ఎందరో పిల్లలు పోయారు. ఆ సీసాలు ఇళ్లలో మిగిలి ఉండకపోతే ఇంకా ఎందరు పోయేవారో.

సంఘంలో రెండు మాటలు ఈ పనికి అడ్డుపడుతున్నాయి. ఒకటి, “విశ్వాసి ప్రశ్నించకూడదు.” రెండోది దానికి ఎదురుగా కనిపించినా దాని చెల్లెలే, “మందులు మానేసి నమ్మండి.” మొదటిది రోగి నోరు మూయిస్తుంది, రెండోది రోగి ప్రాణం తీయగలదు. మందు ఒకరికి పడలేదని వేదికమీద సాక్ష్యం చెప్పించి, షుగరు మాత్రలు, బీపీ మాత్రలు కూడా మాన్పించే కూటములను మేము ఒప్పుకోం.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ సంగతి మార్కు ఎలా రాశాడో మళ్లీ చదవండి. ఆమె అనేకమంది వైద్యుల చేతుల్లో ఎంత పడిందో, ఉన్నదంతా ఎలా ఖర్చయిపోయిందో, బాగుపడకపోగా ఎలా ఇంకా దిగజారిందో దాచకుండా చెప్పాడు. వైద్యుడని పేరున్న లూకా మాత్రం అదే సంగతిని ఎవరివల్లా నయం కాలేదని మెత్తగా దాటించాడు. తన వృత్తివారిమీద ఆయనకు కాస్త అభిమానం ఉండేదేమో! మేము గమనించమనేది ఆ తర్వాత జరిగింది. జనం తోసుకుంటుంటే, యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంటే, యేసు అక్కడే ఆగాడు. ఆ స్త్రీ ముందుకు వచ్చి తనకు జరిగినదంతా చెప్పేదాకా ఆగాడు. స్వస్థత అప్పటికే జరిగిపోయింది. అయినా ఆమె చెప్పాలి, అందరూ వినాలి అన్నట్టే నిలబడ్డాడు.

జరిగినది చెప్పుకోవడానికి మన దేశంలో ఒక చోటు ఉంది. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా 2010లో మొదలైంది, 2011 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. మెడికల్ కాలేజీలు, పెద్ద ఆసుపత్రుల్లో దాని కేంద్రాలున్నాయి. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు ఎవరైనా రిపోర్టు ఇవ్వవచ్చు. రోగి గానీ, ఇంట్లోవాళ్లు గానీ స్వయంగా కూడా ఇవ్వవచ్చు. వారికోసం పెట్టిన ఫారం తెలుగులోనూ ఉంది, తమిళంలోనూ ఉంది. తిరుత్తణి తెలుగువాడు దేనిలో నింపినా చెల్లుతుంది. రోగి పూర్తి పేరు అక్కరలేదు, పొడి అక్షరాలు చాలు. రిపోర్టు ఇచ్చినంత మాత్రాన డాక్టరుమీద కేసు పడదు, తప్పు ఎవరిదో అక్కడ తేల్చరు. ఈ మందు తర్వాత ఈ బాధ వచ్చిందన్న అనుమానం ఉంటే చాలు, రుజువు మీరు చూపించనక్కరలేదు.

ఒక్క రిపోర్టుతో మీ ఇంటికి జవాబు ఉత్తరం వస్తుందని అనుకోవద్దు. వాటిని కలిపి చూస్తేనే మెఫెనమిక్ ఆసిడ్ హెచ్చరిక లాంటిది బయటికొస్తుంది. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందు అన్ని అనుమతులతో 1999లో అమెరికా మార్కెట్లోకి వచ్చి, గుండెపోటు ముప్పు పెంచుతోందని తేలాక 2004 సెప్టెంబర్ 30న ప్రపంచమంతటా వెనక్కి పోయింది. 2024 ఆగస్టులో మన కేంద్ర ప్రభుత్వం 156 మిశ్రమ మందులను నిషేధించింది. వాటిలో 50 మిల్లీగ్రాముల అసెక్లోఫెనాక్, 125 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిపిన నొప్పి మాత్ర కూడా ఉంది. అనుమతి దొరికిన మందు గురించి కూడా అడగవలసినవి మిగిలే ఉంటాయి.

మీ సొంత జవాబు కోసం వెళ్లవలసింది వైద్యం చేసిన డాక్టరు దగ్గరికే. డిశ్చార్జి కాగితంలో చాలాసార్లు ‘డ్రగ్ రియాక్షన్’ అని మాత్రం ఉంటుంది. ఏ డ్రగ్? దాని అసలు పేరు, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా లోపల ఉన్న మందు పేరు, రాయమని మర్యాదగా అడగండి. ఖాయంగా చెప్పలేకపోతే అనుమానం ఉన్న మందుల పేర్లన్నీ రాయమనండి. ఒకే డైక్లోఫెనాక్ ఎన్నో కంపెనీల పేర్లతో దొరుకుతుంది, ఇంకో రెండు మందులతో కలిసీ దొరుకుతుంది. అసలు పేరు తెలియనివాడు పడని మందునే మళ్లీ కొనుక్కుంటాడు. ఆ పేరును చిన్న అట్టమీద రాసి పర్సులో పెట్టుకోవాలి. ఆసుపత్రిలో చేరినవారి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలు చెబుతున్నాయి. మందుల షాపు బిల్లులో మందు పేరు, బ్యాచ్ నంబరు ఉండాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిర్లక్ష్యం జరిగిందని నమ్మితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, వకీలు లేకుండా స్వయంగా కూడా వాదించుకోవచ్చు. పూర్తిగా ఉచితంగా చూసే ఆసుపత్రులు ఈ చట్టం కిందికి రావు. ఎక్కువగా అక్కడికే వెళ్లే పేదవాడికి ఇది పెద్ద లోటు.

మన యవ్వనస్థుల్లో నర్సింగ్ చదివినవాళ్లు, బి.ఫార్మసీ చదివినవాళ్లు, ల్యాబ్ టెక్నీషియన్లు ఏ సంఘంలో లేరు? ఆదివారం ఆరాధన అయ్యాక ఒక బల్ల వేసుకుని కూర్చోండి. పెద్దవాళ్లను వాళ్ల మాత్రల పొట్లాలు తెచ్చుకోమనండి. ఏది దేనికో, ఏవి రెండూ ఒకటే మందో చెప్పండి. మందు మాన్పించవద్దు, మార్చవద్దు, అది డాక్టరు పని. పేరు రాసి ఇవ్వండి, అంతే. ప్రతి ఏటా సెప్టెంబర్ 17 నుంచి 23 వరకు జాతీయ ఫార్మకోవిజిలెన్స్ వారోత్సవం జరుగుతుంది, ఆ వారంలో వచ్చే ఆదివారంతో మొదలుపెట్టవచ్చు. క్రైస్తవ ఆసుపత్రులను నడిపేవారికీ ఒక మనవి. ప్రార్థన విన్నపాల పెట్టె ఉన్న వరండాలోనే తెలుగు, తమిళ ఫారాలు కూడా పెట్టండి. రోగి అడిగేదాకా ఆగకండి, అలాంటి ఫారం ఒకటి ఉందని అతనికి తెలియదు.

ఫోనులో చెప్పదలచుకుంటే టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024, పనిదినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు. చేసేముందు మందు అట్ట దగ్గర పెట్టుకోండి, మందు పేరు అడుగుతారు.